ములుగు గిరిజనుల పోలింగ్ శాతం: ఎకలాజికల్ ఇన్ఫరెన్స్ మోడల్ చెప్పిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, హనుమకొండ)

అందరికీ నమస్కారం. 2023 నవంబర్ 30న జరిగిన శాసనసభ ఎన్నికల్లో ములుగు నియోజకవర్గంలోని గిరిజన ఓటర్లలో ఎంత శాతం మంది, గిరిజనేతర ఓటర్లలో ఎంత శాతం మంది ఓటు వేశారన్నది నా పరిశోధనలో ఒక అధ్యాయం. ఓటర్ల జాబితాలో పేరు, వయసు, ఇంటి నంబరు ఉంటాయి కానీ కులమో తెగో ఉండదు కనుక ఈ లెక్క ఎక్కడా నేరుగా దొరకదు. అందుకే గుంపుల మొత్తాలను చూసి మనుషుల ప్రవర్తనను అంచనా వేసే ఎకలాజికల్ ఇన్ఫరెన్స్ పద్ధతిని ఎంచుకున్నాను.

బూత్ వారీ ఫలితాల పట్టిక అయిన ఫారం 20 నుంచి ప్రతి బూత్‌లో పోలైన ఓట్లు, ఓటర్ల జాబితా నుంచి బూత్ వారీ ఓటర్ల సంఖ్య, 2011 జనగణన గ్రామ పట్టికల నుంచి గిరిజన జనాభా వాటా తీసుకుని, బూత్‌లన్నింటినీ గ్రామాల కిందికి చేర్చాను. మొదట గుడ్‌మన్ రిగ్రెషన్ (గిరిజన వాటాను బట్టి పోలింగ్ శాతానికి సరళరేఖ గీసే పద్ధతి) వేస్తే గిరిజనుల పోలింగ్ వంద శాతం దాటింది. అది జరగని పని కాబట్టి గణాంక సాఫ్ట్‌వేర్ ఆర్‌లోని ఈఐప్యాక్ అనే ప్యాకేజీలో మల్టినోమియల్ డిరిక్లే మోడల్‌ను, అంటే ఈఐ.ఎండీ.బేస్ అనే ఫంక్షన్‌ను నడిపాను. మోడల్ సూత్రంలో ఎడమవైపు ఓటు వేసినవారు, వేయనివారు. కుడివైపు గిరిజనులు, గిరిజనేతరులు. కొన్ని గ్రామాల్లో పోలైన ఓట్లు ఓటర్ల సంఖ్య కంటే ఎక్కువగా ఉండటంతో ‘వేయనివారు’ సున్నా కంటే తక్కువగా వచ్చారు. అక్కడ సున్నా పెట్టాను. అప్పుడు అడ్డం మొత్తాలు, నిలువు మొత్తాలు కలవక ప్రోగ్రాం ఆగిపోయింది. దాంతో సంఖ్యలకు బదులు శాతాలు ఇచ్చి, గ్రామ మొత్తాన్ని విడిగా చూపిస్తే నడిచింది.

ఇప్పుడు వచ్చిన అంచనా వంద లోపే ఉంది, విశ్వసనీయ అంతరం (అసలు విలువ ఉండే అవకాశం ఎక్కువని మోడల్ చెప్పే పరిధి) కూడా సన్నగా ఉంది. కానీ ప్రయర్‌కు, అంటే డేటా చూడకముందే మోడల్‌కు ఇచ్చే ఊహకు సంబంధించిన రెండు లాంబ్డా విలువలను కాస్త మార్చి మళ్లీ నడిపితే అంచనా చెప్పుకోదగ్గంతగా జరిగింది. ఒకే డేటా మీద ఒక పద్ధతి అసాధ్యమైన అంకె ఇస్తే, ఇంకో పద్ధతి నమ్మదగినట్టు కనిపించే అంకె ఇచ్చింది. నమ్మదగినట్టు కనిపిస్తోంది కదా అని రెండోదాన్ని అధ్యాయంలో రాసేయవచ్చా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు (విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్)

అమ్మా, మీ అనుమానం సరైనది. మోడల్ సంగతి కాసేపు పక్కన పెట్టి, మీ డేటా ఒక్కటే ఏం చెప్పగలదో ముందు చూద్దాం. దీన్ని 1953లో డంకన్, డేవిస్ చూపించారు. కాగితం, పెన్సిల్ ఉంటే చాలు.

ఒక ఊహా గ్రామం తీసుకోండి. ఓటర్లు 800 మంది, వారిలో గిరిజనులు 640, గిరిజనేతరులు 160. పోలైన ఓట్లు 600. గిరిజనేతరులు 160 మందీ వచ్చి ఓటు వేశారనుకుంటే మిగిలిన 440 ఓట్లు గిరిజనులవి. గిరిజనేతరులు ఒక్కరూ రాలేదనుకుంటే 600 ఓట్లూ గిరిజనులవే. అంటే గిరిజనుల పోలింగ్ 68.75 శాతానికి తగ్గదు, 93.75 శాతానికి మించదు. ఇది ఊహ కాదు, కూడికలు తీసివేతలతో తేలిన నిజం. అదే గ్రామంలో గిరిజనేతరుల గురించి మాత్రం సున్నా నుంచి వంద వరకు ఏదైనా కావచ్చు. డేటా ఒక్క మాట కూడా చెప్పదు.

ఇప్పుడు రెండో గ్రామం. ఇక్కడా ఓటర్లు 800, పోలైనవి 600, కానీ గిరిజనులు 80 మందే. ఈసారి గిరిజనేతరుల పోలింగ్ 72.2, 83.3 శాతాల మధ్య బిగుసుకుంటుంది, గిరిజనులది సున్నా నుంచి వంద దాకా వదులైపోతుంది. రెండు గ్రామాలనూ కలిపి చూస్తే గిరిజనులు 720 మంది. వారిలో ఓటు వేసినవారు 440కి తగ్గరు, 680కి మించరు. అంటే 61.1 నుంచి 94.4 శాతం. గిరిజనేతరులకు 59.1 నుంచి 86.4.

ఈ రెండు గ్రామాలకే గుడ్‌మన్ రిగ్రెషన్ వేయండి. గిరిజన వాటా 80 శాతం ఉన్నా 10 శాతం ఉన్నా పోలింగ్ 75 శాతమే కాబట్టి గీత అడ్డంగా పడుతుంది, రెండు వర్గాలకూ 75 అని వస్తుంది. ఆ 75 ఎక్కడిది? గిరిజనులు ఏ గ్రామంలో ఉన్నా ఒకే రేటులో ఓటు వేస్తారన్న ఊహ నుంచి వచ్చింది. 61 నుంచి 94 వరకు ఉన్న అంతరంలో ఒక బిందువును మోడల్ ఎంచుకుంది, అంతే. మీ విశ్వసనీయ అంతరం సన్నగా రావడానికి కూడా ఎక్కువ భాగం కారణం ఇదే కావచ్చు. మోడల్ ఊహ నిజమైతే అంచనా ఎంత అటూఇటూ అవుతుందో ఆ అంతరం చెబుతుంది. ఊహ తప్పయితే ఎంత దూరం పోతామో చెప్పదు.

ఊహ తప్పితే ఏమవుతుందన్నదానికి మా తరగతుల్లో రాబిన్సన్ 1950లో చూపిన ఉదాహరణ చెప్పేవాణ్ని. అమెరికా 1930 జనగణనలో రాష్ట్రాల వారీగా చూస్తే విదేశాల్లో పుట్టినవారి వాటాకూ నిరక్షరాస్యతకూ సహసంబంధం మైనస్ 0.526. వలస వచ్చినవారే ఎక్కువ చదువుకున్నవారు అనిపిస్తుంది. మనుషుల వారీగా లెక్కిస్తే అది ప్లస్ 0.118. గుర్తే తిరగబడింది. వలసవచ్చినవారు అక్షరాస్యత ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో స్థిరపడటమే కారణం. మీ దగ్గర అడగవలసిన ప్రశ్న కూడా ఇదే: గిరిజన వాటా ఎక్కువ ఉన్న గ్రామాల్లో గిరిజనులు ఓటు వేసే తీరు, ఆ వాటా తక్కువ ఉన్న గ్రామాల్లోని గిరిజనుల తీరు ఒకటేనా? దీనికి జవాబు సాఫ్ట్‌వేర్‌లో లేదు, ములుగులో ఉంది.

రెండో జవాబు (డేటా విశ్లేషకుడు, కరీంనగర్)

సార్ చెప్పినదానికి నేను చేర్చేది ప్రోగ్రాం వైపు నుంచి మాత్రమే.

మేడమ్, ముందుగా ఆ సున్నాలు తీసేయండి. ఓటర్ల కంటే ఓట్లు ఎక్కువ వచ్చాయంటే అక్కడ డేటాలో తప్పు ఉందని డేటానే మీకు చెబుతోంది. సున్నా పెట్టడం ఆ నోరు నొక్కేయడమే. శాతాలుగా మార్చడంతో ప్రోగ్రాం నడిచిందే తప్ప తప్పు పోలేదు. నా అనుభవంలో ఎక్కువసార్లు కనిపించిన కారణం అనుబంధ పోలింగ్ కేంద్రాలు. ఒక బూత్ నంబరు పక్కన ‘ఎ’ అని ఇంకో వరుస ఉంటుంది. ఫారం 20లో రెండు వరుసల ఓట్లూ గ్రామం కిందికి చేరిపోతాయి, ఓటర్ల సంఖ్య మాత్రం ఒకదానిదే చేరుతుంది. రెండో కారణం స్కాన్ చేసిన పేజీల్లో 3, 8 ఒకదానికొకటి మారడం. అభ్యర్థుల ఓట్లను, నోటాను అడ్డంగా కూడి చివరి మొత్తంతో సరిచూస్తే ఇది దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది. పట్టిక అడుగున పోస్టల్ బ్యాలెట్ల వరుస ఉంటుంది. అది ఏ బూత్‌కూ చెందదు, తీసేయాలి. పోలింగ్ లెక్కకు చెల్లిన ఓట్ల నిలువు వరుస కాకుండా నోటా కలిసిన మొత్తాన్నే తీసుకోవాలి. గుడ్‌మన్ అంచనా వంద దాటడంలో ఇలాంటి కొన్ని గ్రామాల చేయి కూడా ఉండవచ్చు.

ఇక లాంబ్డా విషయం. ఈ మోడల్‌లో ప్రతి గ్రామంలోని రేట్లు ఒక డిరిక్లే పంపిణీ (కలిపితే ఒకటయ్యే వాటాల పంపిణీ) నుంచి వస్తాయి, ఆ పంపిణీ పరామితుల మీద గామా ప్రయర్ ఉంటుంది. మీరు ఏమీ ఇవ్వకపోతే లాంబ్డా ఒకటి 4, లాంబ్డా రెండు 2. అంటే సగటు 2, ప్రామాణిక విచలనం 1. పరామితులు రెండూ 2 దగ్గర ఉన్న పంపిణీకి సగటు సగం, విస్తృతి చాలా ఎక్కువ. అంటే గ్రామాల మధ్య రేట్లు బాగా మారుతూ ఉంటాయని ప్రయర్ ముందే అనుకుంటోంది. మీ ప్రాంతంలో రెండు వర్గాలూ ఎక్కువగానే ఓటు వేసి, గ్రామానికీ గ్రామానికీ తేడా తక్కువగా ఉంటే ప్రయర్ దానికి ఎదురు లాగుతుంది. డేటా బలంగా ఉన్నచోట ఆ లాగుడు కనిపించదు, అంతరాలు వదులుగా ఉన్నచోట కనిపిస్తుంది. కాబట్టి లాంబ్డా మార్చితే అంచనా జరగడం ప్రోగ్రాం లోపం కాదు. మీ డేటాలో ఆ అంకెను పట్టి నిలిపే సమాచారం తక్కువగా ఉందన్న సూచన. నాలుగైదు జతల విలువలతో నడిపి, వచ్చిన అంచనాలన్నింటినీ అధ్యాయంలో చూపించండి.

నడిపే తీరులో ఇంకొన్ని సంగతులు. ఈ మోడల్ ఒక్కో అడుగుగా యాదృచ్ఛిక నమూనాలు తీస్తూ పోతుంది, ఆ వరుసనే చెయిన్ అంటారు. ముందు ఆ అడుగుల సైజు సరిచేసే ట్యూన్‌ఎండీ నడిపి, అది ఇచ్చిన జాబితాను అసలు ఫంక్షన్‌కు అందించండి. అది లేకుండా నడిపితే అంగీకార రేట్లు (ప్రతిపాదించిన అడుగుల్లో ఒప్పుకున్నవాటి వాటా) మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో వచ్చి చెయిన్ ఉన్నచోటే తిరుగుతుంది. మామూలుగా ఇచ్చే వెయ్యి బర్నిన్ (మొదట్లో పారేసే నమూనాలు), వెయ్యి నమూనాలు ప్రయత్నం కోసమే. లక్షల్లో నడిపి, థిన్ విలువ (ఎన్నింటికి ఒకటి ఉంచాలన్నది) పెంచి ఉంచుకోండి. గ్రామాల వారీ బీటాలు, అంటే ఒక్కో గ్రామపు రేట్లు, అవసరం లేకపోతే రెట్.బీటా దగ్గర ‘డి’ ఇవ్వండి, మెమరీ మిగులుతుంది. వేర్వేరు సీడ్‌లతో (మొదలుపెట్టే సంఖ్యలతో) కనీసం మూడు చెయిన్లు నడిపి, అవి ఒకే చోటికి చేరాయో లేదో చెప్పే గెల్మన్ పరీక్షను కోడా ప్యాకేజీలో చూడండి. ఒక్క మాట మాత్రం మరవకండి: చెయిన్లు కలిశాయంటే మోడల్ తాను వెతుకుతున్నదాన్ని కనుక్కుందని అర్థం, అది వెతకవలసినదాన్నే వెతికిందని కాదు.

మీది రెండు వర్గాలు, రెండు ఫలితాలు మాత్రమే కనుక గ్యారీ కింగ్ 1997లో ఇచ్చిన మోడల్‌ను ‘ఈఐ’ ప్యాకేజీలో కూడా నడపవచ్చు. దాని అంచనా కోసం కాకపోయినా టోమోగ్రఫీ పటం కోసమైనా నడపండి. ఒక్కో గ్రామం ఒక్కో గీత అవుతుంది. ఒక అంచున గిరిజనుల రేటు, ఇంకో అంచున గిరిజనేతరుల రేటు ఉన్న ఒకే చతురస్రంలో సార్ చెప్పిన హద్దులన్నీ కంటికి కనిపిస్తాయి. గీతలన్నీ ఒకే చోట గుమిగూడితే ఒక సంగతి, రెండు చోట్ల గుమిగూడితే ఇంకో సంగతి. ఆ మోడల్ ఒకే గుంపు ఉంటుందని అనుకుంటుంది.

మూడో జవాబు (ఉపాధ్యాయుడు, ఏటూరునాగారం)

నాకు గణాంకశాస్త్రం అంతగా రాదు, కానీ ఎన్నికల విధుల్లో పలుమార్లు ఏజెన్సీ బూత్‌లకు వెళ్లినవాడిని. సార్ అడిగిన ప్రశ్నకు నా జవాబు: గిరిజనులు ఓటు వేసే తీరు అన్ని గ్రామాల్లో ఒకేలా ఉండదు.

ములుగు నియోజకవర్గంలో ‘గిరిజనులు’ అన్న ఒక్క గడిలో కనీసం ఇద్దరు ఉన్నారు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి వైపు కోయ గూడేలు. ములుగు, వెంకటాపూర్ వైపు మైదానంలో లంబాడీ తండాలు. గూడెంలో ఓటు వేయాలంటే కొన్నిచోట్ల వాగు దాటి ఇంకో ఊరి బడికి నడవాలి. పైగా 2023లో ములుగుతో కలిపి 13 సమస్యాత్మక నియోజకవర్గాల్లో పోలింగ్ సాయంత్రం నాలుగింటికే ముగిసింది. పత్తి ఏరి వచ్చేసరికి పొద్దు గూకే మనిషికి అది చిన్న విషయం కాదు. మైదానంలోని తండాలో బూత్ తండా బడిలోనే ఉంటే పరిస్థితి వేరు. ఈ ఇద్దరికీ ఒకే రేటు అనుకుంటే వచ్చేది ఇద్దరిలో ఎవరిదీ కాని అంకె.

జనగణన పట్టికలతో ఇంకో ఇబ్బంది. 2011లో ఈ నియోజకవర్గమంతా ఉమ్మడి వరంగల్ జిల్లా. ములుగు జిల్లా ఏర్పడింది 2019 ఫిబ్రవరిలో. కొత్తగూడ, గంగారం మండలాలు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నా ఈ నియోజకవర్గంలోకే వస్తాయి. వాజేడు, వెంకటాపురం మండలాలు ములుగు జిల్లాలో ఉన్నా భద్రాచలం నియోజకవర్గంలోవి. జిల్లా పేరు చూసి పట్టికలు దించుకుంటే రెండు వైపులా తప్పు పడుతుంది. అన్నింటికంటే ముఖ్యం, 2011 పట్టికలో తండాకు ప్రత్యేకంగా వరుస లేదు, అది రెవెన్యూ గ్రామంలో కలిసిపోయి ఉంటుంది. 2018 తర్వాత చాలా తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి, వాటిలో చాలావాటికి సొంత బూత్‌లు కూడా ఉన్నాయి. మీరు బూత్‌లను మళ్లీ రెవెన్యూ గ్రామాల కిందికి చేర్చి, విడిగా కనిపిస్తున్న తండాను మీ చేతులతోనే ఊళ్లో కలిపేశారు.

దీనికి ఒక దారి ఉంది. ఓటర్ల జాబితా మొదటి పేజీలో ఆ బూత్ పరిధిలోని వాడల, తండాల, గూడేల పేర్లు వరుసగా ఉంటాయి. లోపలి పేజీల్లో ఇంటిపేర్లు ఉంటాయి. బానోతు, గుగులోతు, భూక్య, అజ్మీరా అని కనిపిస్తే లంబాడీలని, మడకం, కుంజ, సోడి అని కనిపిస్తే కోయలని మా ప్రాంతంలో ఎవరైనా చెబుతారు. పేర్లు ఎక్కడా రాసుకోకుండా బూత్‌కు ఎందరన్న లెక్క మాత్రం తీసుకుంటే, పన్నెండేళ్ల నాటి జనాభా వాటాకు బదులు ఆ ఎన్నికల నాటి ఓటర్ల వాటాయే మీకు దొరుకుతుంది. పిల్లలు కూడా ఇందులో కలవరు. తాటి వంటి కొన్ని ఇంటిపేర్లు కోయల్లోనూ ఇతరుల్లోనూ ఉంటాయి, పెళ్లయి వచ్చిన ఆడవాళ్ల విషయంలోనూ కొంత తేడా వస్తుంది. అటువంటివాటిని విడిగా ఒక వరుసలో పెట్టుకోండి.

ప్రశ్న వేసినవారి స్పందన (మూడు వారాల తర్వాత)

ముగ్గురికీ ధన్యవాదాలు. చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేశాను, ఏం తేలిందో రాస్తున్నాను.

ఓట్లు ఎక్కువ వచ్చిన గ్రామాల్లో ఒక్కటి తప్ప అన్నింటికీ కారణం అనుబంధ బూత్‌లే. మిగిలిన ఆ ఒక్కచోట స్కాన్‌లో 3 బదులు 8 పడింది. ఆ పేజీని భూతద్దం పెట్టి చూస్తే గానీ అంకె తేలలేదు. అవి సరిచేయగానే అడ్డం, నిలువు మొత్తాలు కలిశాయి, గుడ్‌మన్ అంచనా కూడా వంద లోపుకు దిగింది. ఇన్ని రోజులు పద్ధతిది అనుకున్న తప్పు నిజానికి నా పట్టికదని తెలిసినప్పుడు బాధ కలిగింది, కానీ అది అచ్చులోకి వెళ్లకముందే తెలిసింది.

తర్వాత ఉపాధ్యాయులు చెప్పినట్టు గ్రామాలను వదిలి బూత్‌ల దగ్గరే ఉండి, ఇంటిపేర్ల ద్వారా వాటాలు లెక్కించాను. దీని ప్రభావం నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. అంతకుముందు నా డేటాలో మైదాన గ్రామాలు చాలావరకు మధ్యస్థ వాటాల దగ్గరే ఉండేవి. ఇప్పుడు తండా బూత్‌లు ఒక కొసన, పెద్ద ఊళ్ల బూత్‌లు ఇంకో కొసన నిలిచాయి. మోడల్ ఏదీ వేయకముందే హద్దులు సన్నబడ్డాయి. టోమోగ్రఫీ పటంలో గీతలు స్పష్టంగా రెండు చోట్ల గుమిగూడాయి. రంగులు వేసి చూస్తే ఒక గుంపు దాదాపు అంతా అడవి వైపు బూత్‌లు, రెండోది మైదానం. కోయలను, లంబాడీలను విడదీసి మూడు వరుసలతో మోడల్ నడిపితే లాంబ్డా మార్చినా లంబాడీల అంచనా పెద్దగా కదలడం లేదు. కోయల అంచనా కూడా నిలకడగానే ఉంది. గిరిజనేతరుల అంచనా మాత్రం అడవి వైపు ఇప్పటికీ జరుగుతోంది, అక్కడ వారి సంఖ్యే తక్కువ కాబట్టి.

ఇక మిగిలింది ఒక సందేహం. దాదాపు పూర్తిగా లంబాడీలే ఉన్న బూత్‌ల పోలింగ్ నేరుగా తెలుసు కదా, దాన్ని మోడల్ అంచనాతో పోల్చి మోడల్ సరైనదని చెప్పవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారి స్పందన

పోల్చండి, కానీ దానితో మోడల్ రుజువైందని రాయకండి. తండాలో తనవాళ్ల మధ్య ఉన్న ఓటరు, పెద్ద ఊళ్లో పదిళ్ల మధ్య ఒక ఇల్లుగా ఉన్న ఓటరు ఒకేలా ప్రవర్తిస్తారనేది మళ్లీ ఒక ఊహే. తండా బూత్‌లు రెండోవారి గురించి ఏమీ చెప్పవు.

దీనికి ఎదురుగా ఇంకో ఊహను పెట్టి చూడండి. 1991లో ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు ‘ఇరుగుపొరుగు మోడల్’ అని ఒకటి ప్రతిపాదించారు: ఒక బూత్‌లో ఏ వర్గమైనా ఒకే రేటులో ఓటు వేస్తుంది, తేడాలన్నీ ప్రాంతాల మధ్యనే. అంటే ప్రతి బూత్ పోలింగ్ శాతాన్ని అక్కడి లంబాడీ ఓటర్ల సంఖ్యతో తూచి సగటు తీయడమే, ఎక్సెల్‌లో రెండు నిమిషాల పని. మీ డేటాతో ఈ మోడల్ ఎక్కడా విభేదించదు, అందుకే దాన్ని డేటాతో తోసిపుచ్చలేరు. ఈ సగటు, మల్టినోమియల్ డిరిక్లే అంచనా దగ్గరగా ఉంటే మీరు కొంత ధైర్యంగా రాయవచ్చు. దూరంగా ఉంటే రెండింటినీ రాసి, ములుగు గురించి మీకు తెలిసినదాన్ని బట్టి ఏది నమ్ముతారో, ఎందుకు నమ్ముతారో చెప్పండి.

పట్టికలో హద్దుల నిలువు వరుసను ముందు పెట్టండి, మోడల్ అంచనాలను దాని తర్వాత. చదివేవారి కన్ను మొదట పడే అంకె ఊహ లేకుండా వచ్చినదై ఉండాలి.

ప్రశ్న వేసినవారి స్పందన

అలాగే చేస్తాను సార్. ఇరుగుపొరుగు సగటు ఈ సాయంత్రమే తీశాను. లంబాడీలకు రెండు అంచనాలూ దాదాపు కలిశాయి, కోయలకు కొద్ది తేడాతో దగ్గరగా ఉన్నాయి. అడవి వైపు గిరిజనేతరులకు మాత్రం బాగా దూరంగా ఉన్నాయి కనుక, ఆ గడిలో ఒక్క అంకె పెట్టకుండా హద్దులు మాత్రమే ఉంచి, కారణం కింద రాస్తున్నాను. ఉపాధ్యాయులు గారికి ఒక మనవి: వాగు దాటి రావలసిన గూడేలు ఏ బూత్‌ల పరిధిలో ఉన్నాయో చెప్పగలిగితే, ఆ దూరాన్ని కోవేరియట్‌గా (రేటును ప్రభావితం చేసే అదనపు అంశంగా) చేర్చి కోయల మోడల్‌ను ఇంకోసారి నడుపుతాను.